పేరుకే కొండగొర్రె!

నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే ఘాట్ రోడ్డులో, కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు పులి కోసం వెతుకుతారు. అదే నల్లమలలో పులికన్నా సిగ్గరి ఒకటుంది. దాని పేరు కొండగొర్రె. వినగానే రాతి అంచున నిలబడే అడవి మేక కళ్లముందు మెదులుతుంది కదూ! తీరా చూస్తే అది మేకా కాదు, గొర్రే కాదు. చూపుకు జింక, చుట్టరికం నీలుగాయితో, ఆ లెక్కన మన ఎద్దులతో!

అసలైన కొండమేక దక్షిణాదిలో ఒక్కటే, నీలగిరి తార్. కేరళ, తమిళనాడు కొండల్లో 1,200 మీటర్లకు పైనే దాని కాపురం. డెక్క అంచు గట్టిగా, మధ్య మెత్తగా ఉండటంతో నిట్టనిలువు రాయి మీదా పట్టు దొరుకుతుంది. చిరుత వెంటపడితే కొండవాలుకే పరుగు. నల్లమల శిఖరాలు 900 మీటర్ల పైచిలుకు దగ్గరే ఆగిపోతాయి. తార్‌కు అవి మొదటి మెట్టు కూడా కాదు.

మన కొండగొర్రె తీరే వేరు. అలికిడైతే గడ్డిలో కదలకుండా నిలబడిపోతుంది. మరీ దగ్గరికొస్తేనే గెంతులేస్తూ మాయం. ఎత్తు రెండడుగులు, బరువు ఇరవై కిలోల లోపూ పైనా. విశేషమంతా తలమీదే ఉంది. మగదానికి నాలుగు కొమ్ములు! చెవుల మధ్య రెండు, నుదుటి మీద బొటనవేలంత రెండు. అడవి జంతువుల్లో ఇలా నాలుగు కొమ్ములు మొలిచేది ప్రపంచంలో దీనికొక్కదానికే. అదీ భారత్, నేపాల్‌లలోనే ఉంటుంది. ఆడదానికి అసలు కొమ్ములే ఉండవు. ఎదురుపడినా ఏ జింకపిల్లో అనుకుని వెళ్లిపోతారు.

చిక్కల్లా నీటితోనే. గుక్కెడు నీళ్లు లేనిదే దీనికి రోజు గడవదు. వాగులెండితే అటవీశాఖ నింపే సాసర్ పిట్లే దిక్కు. ఉచ్చులు పన్నేవాళ్లకూ ఆ సంగతి తెలుసు, ఊరకుక్కలకూ తెలుసు. వానాకాలంలో జతకట్టిన ఆడది ఎనిమిది నెలలకు ఈనుతుంది. అప్పటికి అడవి ఎండి, నిప్పురవ్వ పడితే అంటుకునేలా ఉంటుంది. తల్లి పిల్లను దాచేదీ ఆ ఎండుగడ్డిలోనే!

1972 నాటి వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చోటిచ్చారు. కానీ ఒంటరిగానో జంటగానో తిరిగే దీన్ని లెక్కపెట్టడమే కష్టం. ఒక్క అలవాటు మాత్రం పట్టిస్తుంది. వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లి పెంటికలు వేస్తుంది. అడవిలో ఆ కుప్ప కనబడితే చాలు, ఇది దాని ఇలాకా అన్నమాట.