కొండపల్లి బొమ్మకు పచ్చి కలప గండం

కొండపల్లి బొమ్మల ప్రస్తావన వస్తే మొదట వినిపించేది తెల్లపొణికి కొరత. అది వాస్తవమే. ఎన్టీఆర్ జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని ఈ ఊరి పరిసర అడవుల్లో ఒకప్పుడు విరివిగా లభించిన చెట్టు నేడు అరుదైపోయింది. అయితే కొరతపై జరిగినంత చర్చ, దొరికిన కాస్త కలప ఉలి కిందకు ఏ స్థితిలో చేరుతున్నదన్న దానిపై జరగడం లేదు. రంగు పొరలుగా లేవడం, అతుకు విడిపోవడం, ఏనుగు తొండం వద్ద సన్నని బీట తేలడం... కొయ్య బొమ్మకు వచ్చే ఈ జబ్బులకు ప్రధాన మూలం ఒక్కటే. అది తడి ఆరని కొయ్య.

కొరతకు, తడికి ఉన్న బంధం పైకి కనిపించదు. కలప నిలకడగా అందితే కళాకారుడు కొన్ని నెలలకు సరిపడా దుంగలు తెచ్చి నీడన పేర్చుకోగలడు. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియనప్పుడు వచ్చిన దుంగ వచ్చినట్లే పనిలోకి వెళుతుంది. బయానా తీసుకున్న చిన్న కుటుంబానికి, ఆరే వరకు కొయ్యను పక్కన పెట్టడమంటే పెట్టుబడిని మూలన పడేయడమే.

తెల్లపొణికి దేశంలోని అతి తేలికైన కలపల్లో ఒకటి. మెత్తగా ఉండి ఉలికి, ఆకురాయికి ఇట్టే లొంగుతుంది. తేమ దగ్గరకు వచ్చేసరికి ఆ సుగుణమే చేటు తెస్తుంది. తేలికైన కొయ్యలో ఖాళీ అరలు ఎక్కువ. పచ్చిగా ఉన్నప్పుడు అవి నీటితో నిండి, నీటి బరువే కొయ్య బరువును మించడమూ కద్దు. అరల్లోని నీరు పోతున్నంత సేపు కొయ్య పరిమాణం మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగిన తర్వాత కణాల గోడల్లోని నీరు తగ్గనారంభిస్తుంది. సంకోచం మొదలయ్యేది అక్కడే. అది అన్ని వైపులా సమానంగానూ ఉండదు. వలయాల వెంబడి జరిగే సంకోచం, మధ్య నుంచి బెరడు వైపు జరిగే దానికి దాదాపు రెట్టింపు. నిలువునా మాత్రం నామమాత్రం. గుండ్రని దుంగ ఆరుతూ నెర్రెలివ్వడానికి, పలక వంగడానికి కారణమిదే.

కొండపల్లి సంప్రదాయంలోనే దీనికి విరుగుడు ఉంది. చెక్క ముక్కలను సన్నని సెగపై ఉంచి తేమ లాగడం అందులో మొదటిది. అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకడం రెండోది. దీన్ని పని సౌలభ్యంగా మాత్రమే చూడటం పొరపాటు. చిన్న ముక్క త్వరగా, సమంగా ఆరుతుంది. పగిలే ముప్పు తక్కువ.

తొందరలో దెబ్బతినేది ఈ క్రమమే. సెగ పెంచితే పైపొర ఎండి బిగుసుకుంటుంది, తడి లోపలే నిలిచిపోతుంది. మక్కులోనూ నీరుంటుంది. అది ఆరకముందే సుద్ద పూత, దానిపై ఎనామిల్ రంగు పడితే తేమకు బయటపడే దారి మూసుకుపోతుంది. కొన్నాళ్లకు రంగు కింద బుడగలు లేస్తాయి. ఎనామిల్ తెచ్చిన మెరుపును తప్పు పట్టనక్కర లేదు గానీ, నీటి రంగులు ఓర్చుకున్నంత తడిని అది ఓర్చుకోదు.

పండుగకు ముందే వాన

క్యాలెండరు కూడా కళాకారుడికి అనుకూలంగా లేదు. దసరాకు ఇంద్రకీలాద్రికి జనం పోటెత్తుతారు. బొమ్మల కొలువుల గిరాకీ ఆపై సంక్రాంతి వరకు సాగుతుంది. ఆ సరుకు సిద్ధం కావలసింది సరిగ్గా వానాకాలంలో. గాలిలోని తేమకు సమానమయ్యే వరకే కొయ్య ఆరుతుంది. ఆ మాసాల్లో ఎన్నాళ్లు ఉంచినా తేమ తగినంత దిగదు. అలా తయారైన బొమ్మ హైదరాబాదులోని ఏసీ గదికో, అమెరికాలో చలికాలమంతా హీటర్లు నడిచే తెలుగువారి ఇంటికో చేరితే అక్కడి పొడిగాలికి మరింత కుంచించుకుపోతుంది. అతుకు నోరు తెరుస్తుంది. కొన్నవారికది నాసిరకం పనితనం. 2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు నుంచి భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు లభించిన మాట నిజమే. కొనుగోలుదారు నుంచి అలాంటి మినహాయింపు లభించదు.

తడి నిల్వకు మరో రెండు బెడదలున్నాయి. తెల్లని కొయ్యపై నీలిమచ్చ తెచ్చే బూజు, తేమ 20 శాతం లోపునకు దిగితే పెరగలేదు. పిండి రాల్చే పుచ్చు పురుగుకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పనిచేస్తుంది. అది పచ్చి కొయ్యలోకే బాగా ఇంకుతుంది గనుక ఆ పని కలప వచ్చిన రోజే జరగాలి.

ఖర్చు లేని జాగ్రత్తలు

దుంగ కొసల నుంచి తేమ మిగతా భాగాల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. బీటలు అక్కడే మొదలవుతాయి. కొసలకు మైనమో, మిగిలిన రంగో పూస్తే చాలా వరకు ఆగుతాయి. చెక్కలను నేలకు ఆనించకుండా, మధ్యన బద్దీలు పెట్టి, గాలి ఆడేలా నీడన పేర్చాలి. ఆరిందో లేదో చేతితో తట్టి చెప్పడం కంటే తూకం నమ్మదగినది. గుర్తు పెట్టిన ముక్కను రోజూ చిన్న కాటాపై తూచి, వరుసగా నాలుగైదు రోజులు బరువు మారకుంటే గాలి తేమకు సమానమైనట్లే. వానాకాలంలో మాత్రం ఆ పైన సెగ తప్పదు.

ఇంటింటా సాధ్యం కానిది ఆరబెట్టే గది. ఎండ వేడిని పట్టి కలపను ఆరబెట్టే సౌర కొలిమిని డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ ఏనాడో రూపొందించింది. పెద్ద యంత్రాలేవీ అక్కర లేని అలాంటి గది ఊరంతటికీ ఒకటి చాలు. వేసవిలో కలప సేకరించి, ఆరబెట్టి, వానాకాలంలో తూకం చొప్పున పంచే ఉమ్మడి నిల్వ దానికి తోడు కావాలి. అప్పుడు పెట్టుబడి భారం ఒక్కో కుటుంబంపై పడదు. శిక్షణ శిబిరాలు, ప్రదర్శనల కంటే ముందు చేపట్టవలసిన పని ఇది.

మొక్కలు నాటితే కొరత తీరుతుందన్న మాటకూ పరిమితి ఉంది. తెల్లపొణికి గింజ పైపొర గట్టిది, మొలక శాతం తక్కువ. మొలిచిన మొక్క దుంగకు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. నిర్మల్ బొమ్మలకూ ఆధారం పొణికి కొయ్యే. ఇప్పుడు నాటిన మొక్క ఉలికి అందే వరకు రెండు ఊళ్లూ దొరికిన కొద్దిపాటి కొయ్యతోనే నెట్టుకు రావాలి. అందులో ఒక్క దుంగ పుచ్చినా, పగిలినా ఆ లోటు పూడ్చడానికి అడవిలో మరొకటి లేదు.