ఆదా చేసిన నీళ్లు ఎవరివి?

పై వీడియోలో మీరు చూసిన తెల్లటి సున్నపు స్తంభాలు అమెరికాలో, కాలిఫోర్నియాలోని మోనో సరస్సువి. అవి నీళ్ల అడుగున తయారైనవి. ఇవాళ గట్టున నిలబడి ఉన్నాయంటే కారణం ఒక్క కరువు కాదు, నీళ్ల మళ్లింపు.

సియెర్రా నెవాడా కొండల మీద కరిగిన మంచు వాగులై ఈ సరస్సులో కలుస్తుంది. సరస్సు నుంచి బయటికి దారి లేదు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. మురుగు పోయే దారి లేని చేలో చవుడు ఎలా తేలుతుందో మనకు తెలుసు కదా, అదే లెక్క. ఏటా వచ్చే వాగు నీళ్లే ఆ ఉప్పును అదుపులో ఉంచేవి.

1941లో లాస్ ఏంజెలెస్ నగరం ఆ వాగుల్ని తన కాలువలోకి తిప్పుకుంది. 1982 నాటికి సరస్సు మట్టం సుమారు 45 అడుగులు పడిపోయింది. లీటరుకు 50 గ్రాముల దాకా ఉన్న ఉప్పు దాదాపు రెట్టింపయింది. సముద్రపు నీళ్లలోనే ఉండేది 35 గ్రాములు! ఈ సరస్సులో చేపలు లేవు, నిజమే. కానీ సన్నటి ఉప్పు రొయ్యలు, ఒడ్డున ఈగలు కోట్లలో ఉంటాయి. వాటిని తినే పక్షులు లక్షల్లో వస్తాయి. నీళ్లు తగ్గి దీవికి నేల దారి పడేసరికి కొయోట్లు నడిచి వెళ్లి గూళ్ల మీద పడ్డాయి. బయటపడ్డ అడుగు నేల నుంచి ఉప్పు దుమ్ము లేచింది.

‘మంచినీళ్లు ఉప్పు పాలు’, ‘సముద్రం పాలు’ అని మనమూ అంటుంటాం. నేను ఆ మాటకు వ్యతిరేకిని. వాగు చివరిదాకా చేరిన నీళ్లు కూడా పని చేస్తూనే ఉంటాయి. ఆ పని మన చేలో కనబడదు, అంతే.

1983లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఇలాంటి జలాలకు ప్రభుత్వం ధర్మకర్త అని, ఇచ్చిన నీటి హక్కుల్ని కూడా తిరిగి పరిశీలించవచ్చని చెప్పింది. మన సుప్రీంకోర్టు 1996లో బియాస్ నది కేసులో ఈ తీర్పును ప్రస్తావించింది. 2006లో తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులోనూ ఇదే సూత్రం చెప్పింది. అంటే ఇది పరాయి దేశపు గొడవ కాదు.

ఇక మన సంగతి. ఆచ్ఛాదన వేస్తాం, నవధాన్యాలు చల్లుతాం, నేలలో తేమ నిలుస్తుంది, బోరు తక్కువ గంటలు ఆడుతుంది. చాలా సంతోషం. మరి మిగిలిన నీళ్లతో ఏం చేస్తున్నాం? ఇంకో ఎకరం అరటి పెడితే భూమిలో నీళ్లు మిగిలినట్టా? పొదుపు మన ఖాతాలో, ఖర్చు ఊరి ఖాతాలో పడినట్టే.

‘నేను వదిలేస్తే పక్కాయన తోడుకుంటాడు కదా’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఒక్కడి త్యాగం చాలదు, ఊరికి ఒక గీత ఉండాలి. మోనోకు 1994లో రాష్ట్ర జల బోర్డు సముద్రమట్టానికి 6392 అడుగుల ఎత్తు అని లక్ష్యం రాసిపెట్టింది. వాగుల్లో ఇంత నీరు పారాల్సిందేనని కూడా చెప్పింది. అంకె ఉంటే ఎవరైనా వెళ్లి కొలిచి నిలదీయొచ్చు. మన చెరువు తూము దగ్గర కూడా రంగుతో గీత గీద్దాం. రబీకి ఎవరెన్ని ఎకరాలు వేయాలో ఆ గీత చూశాకే రైతు సంఘంలో మాట్లాడుకుందాం. నీళ్లు గీత కిందికి దిగితే ఆరుతడి పంటలే, అదీ తగ్గించి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో మోనోనే చెబుతోంది. ఆదేశం వచ్చి 30 ఏళ్లు దాటినా ఆ 6392 అడుగులు ఇంకా అందలేదు. తోడటానికి పట్టినంత కాలంలో నింపలేం. మీ ఊళ్లో గీత ఎక్కడ గీయాలంటారు? రాయండి, చర్చిద్దాం.