జిల్లా పరిషత్ బడి ఎవరి బడి?

మన పల్లెల్లోని ఉన్నత పాఠశాలల్లో చాలావాటి నుదుట "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అని వ్రాసి ఉంటుంది. ఆ అక్షరాలు చదవని పిల్లవాడు లేడు. వాటికి అర్థమేమిటని అడిగిన పెద్దవాడు మాత్రం అరుదు. జిల్లా పరిషత్తు ఎన్నికలు వచ్చినప్పుడు జిల్లా పరిషత్తు బడి గురించి ఒక్క మాటయినా వినబడదేమి? ఉద్యోగమంతా ఆ బళ్ళతోనే ముడిపడినవాణ్ణి గనుక ఈ సందేహం నన్ను వదలదు. బడి కోసమే జరిగిన జిల్లా ఎన్నిక ఒకటి చరిత్రలో ఉన్నది. మన దేశంలో కాదు, వేల్సులో, 1904లో. దానిని చదువరుల ముందుంచి, ఆ పిమ్మట మన సంగతికి వస్తాను.

వేల్సులోని కౌంటీ కౌన్సిల్ ఇంచుమించు మన జిల్లా పరిషత్తు వంటిది. 1889 మొదలు మూడేళ్ళకొకసారి దానికి ఎన్నికలు జరిగేవి. 1902లో బాల్ఫర్ ప్రభుత్వం తెచ్చిన విద్యాచట్టం పాత స్కూలు బోర్డులను రద్దుచేసి, బళ్ళ బాధ్యతను ఈ కౌన్సిళ్ళకు అప్పగించింది. అంతవరకు బాగానే ఉన్నది. చర్చి నడిపే బళ్ళకు సైతం స్థానిక పన్నుల సొమ్ము ఇవ్వవలెనన్నది అందులోని మెలిక. వేల్సులో అధికార చర్చికి వెలుపల ఉన్న మెథడిస్టు, బాప్టిస్టు మొదలైన శాఖలవారే ఎక్కువ. అయినా అనేక గ్రామాల్లో ఉన్నది చర్చి బడి ఒక్కటే. ఆ బడిని నడిపే ఆరుగురు మేనేజర్లలో నలుగురు చర్చి మనుషులు, ఇద్దరు మాత్రమే ప్రజల తరఫువారు. చర్చికి చెందనివాడు ఎంత చదువుకున్నా అక్కడ ప్రధానోపాధ్యాయుడు కాలేడు. పన్ను మేము కట్టాలి, పెత్తనం మీరు చేస్తారా అని ఊళ్ళు అడిగాయి.

అప్పటికి పార్లమెంటు సభ్యుడిగా ఉన్న లాయిడ్ జార్జ్ ఈ ప్రశ్ననే ఎన్నికల ప్రశ్నగా మార్చాడు. పన్ను ఎగవేయండని ఆయన చెప్పలేదు, కౌన్సిళ్ళను గెలవండన్నాడు. 1904 మార్చి ఎన్నికల్లో మన్మత్‌షైరును కలుపుకొని 13 కౌంటీలకు 13 కౌంటీల్లోనూ చట్టాన్ని ప్రతిఘటించే లిబరల్ పక్షమే నెగ్గింది. ప్రజల అజమాయిషీ లేని బడికి ప్రజల పన్ను ఇవ్వబోమని భీష్మించింది. ఆ ఆగస్టులోనే ప్రభుత్వం మరొక చట్టం చేసి, కౌన్సిల్ ఇవ్వకపోతే తానే చర్చి బళ్ళకు సొమ్మిచ్చి, దానిని కౌన్సిల్ గ్రాంటులో కోసుకొనే ఏర్పాటు చేసుకున్నది. 1905 డిసెంబరులో ప్రభుత్వం మారింది గాని, కొత్త ప్రభుత్వం తెచ్చిన విద్యాబిల్లును ప్రభువుల సభ నీరుగార్చింది. వేల్సువారు పూర్తిగా గెలిచారని చెప్పలేము. వారి పట్టుదలలో మతశాఖల మధ్య పాత కక్షలు కూడా పాలు పంచుకొన్నాయి. ఆ పోరు యావత్తూ పిల్లల కోసమే అనుకోవడం అమాయకత్వం. కాని ఓటు వేసిన ప్రతివాడికీ తాను దేని మీద ఓటు వేస్తున్నాడో తెలుసు. నాకు ముఖ్యమనిపించినది అదే.

ఆనాటికి మన ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉన్నది. మాతృభాషలో చదువు మాట అటుంచి, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పేరిట ఒక గ్రంథాలయం నెలకొల్పుకోవడమే మనవారికి ఘనకార్యం.

ఇక మన ఇంటి సంగతి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది, మా రాజంపేట మండల కేంద్రమయింది. ఆ జిల్లాకు తొలి పరిషత్తు ఎన్నిక 2019 మే నెలలో జరిగింది. జిల్లాలోని 22 స్థానాల్లో రాజంపేటది ఒకటి. రాష్ట్రం మొత్తం మీద 32 జిల్లా పరిషత్తులుంటే 32 పీఠాలూ ఒక్క పార్టీకే దక్కాయి. వేల్సు ఫలితానికి ఏ మాత్రం తీసిపోదు. తేడా ఏమిటంటే, అక్కడ పదమూడు కౌన్సిళ్ళు గెలిచినవారు ఆ బలంతో లండనుకు ఎదురు నిలిచారు. ఇక్కడ ముప్పైరెండు గెలిచినవారు హైదరాబాదును అడిగినదేమిటో ఎంత ఆలోచించినా నాకు గుర్తుకు రాదు. ఏ పార్టీ గెలిచినా ఇంతే జరిగేదని నా నమ్మకం. 2022లో "మన ఊరు - మన బడి" పేరిట పాఠశాలల మరమ్మతులు తలపెట్టినప్పుడు సైతం ఆ పథకం పుట్టినది రాజధానిలో గాని పరిషత్తు సమావేశంలో కాదు.

మొదటినుంచీ ఇట్లా లేదు. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీ సమితుల వ్యవస్థను ప్రారంభించిన నాటి ఏర్పాటులో ప్రాథమిక పాఠశాలలు సమితులవి, ఉన్నత పాఠశాలలు పరిషత్తులవి. ఆ రోజుల్లో అధ్యక్షుడి మాటకు ఉపాధ్యాయులు గడగడలాడేవారు. గిట్టని పంతులుకు మారుమూల ఊరు, కావలసినవాడికి రోడ్డు పక్క బడి. కౌన్సెలింగు పద్ధతి వచ్చి ఆ పీడ విరగడయింది. అది మళ్ళీ రావాలని కోరేవాణ్ణి కాను. అయితే బదిలీల పెత్తనంతో పాటు బడి మీద బాధ్యత కూడా జారిపోయింది. ఉపాధ్యాయ నియామకం రాష్ట్రానిది, జీతం రాష్ట్రానిది, పాఠ్యపుస్తకం రాష్ట్రానిది. పరిషత్తుకు మిగిలినవి బోర్డు మీది పేరు, మా భవిష్యనిధి లెక్కలు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్లున్నది.

73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన పదకొండవ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. వాటిలో 17వది విద్య, ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో సహా. 20వది గ్రంథాలయాలు. ఇవి పంచాయతీ సంస్థలకు బదలాయించదగినవని రాజ్యాంగం చెప్పింది. ఎప్పుడు, ఎంత అన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదలిపెట్టింది. ఇష్టం లేనివాణ్ణి అడగాల్సింది ఎవరు? ఓటరు అడగాలి, గెలిచిన సభ్యుడు అడగాలి. 1987లో పరిషత్తు అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. 1995 నుంచి సభ్యులు ఎన్నుకుంటున్నారు. దానితో ఫలితాలు వచ్చిన మరునాటి నుంచి శిబిరాల ముచ్చట్లే గాని బడి ముచ్చట ఎక్కడిది?

2019లో ఎన్నికైన పరిషత్తుల గడువు 2024 జూలైలో తీరి, పాలన ప్రత్యేకాధికారుల చేతికి పోయింది. 2025 అక్టోబరు 9న ఎన్నికల ప్రకటన వెలువడిన నాడే, వెనుకబడిన తరగతుల 42 శాతం రిజర్వేషన్ల వివాదంలో ఉన్నత న్యాయస్థానం స్టే ఇచ్చింది. ఆ డిసెంబరులో గ్రామపంచాయతీల ఎన్నికలు మాత్రం జరిగాయి. రిజర్వేషన్ల వాదం న్యాయమైనదే, తేలవలసినదే. ఈ గొడవంతటిలో పరిషత్తులు లేకపోవడం వల్ల మా బడికి ఫలానా నష్టం జరిగిందని ఎవ్వరూ వాపోలేదు. నన్ను కలవరపెడుతున్నది ఆ మౌనమే.

జడ్పీటీసీ అభ్యర్థి మన గడప తొక్కినప్పుడు అడగదగినవి కొన్ని ఉన్నాయి. మండలంలో ఏ బడిలో ఏ సబ్జెక్టుకు పంతులు లేడు? వానకు కురిసే గదులెన్ని? ఆడపిల్లల మరుగుదొడ్లలో నీళ్ళున్నాయా? పిల్లలు తగ్గారని మూసివేయబోయే బడి ఏది? ఈ నాలుగింటికీ జవాబు కాగితం మీద వ్రాసి తెమ్మని, తెచ్చిన వారి మాట వినవచ్చు.