పాట చాటున దాచిన మనసు

పట్టాభిషేకం ముగిసి రాముడు నిండుకొలువులో ఉన్నాడు. ఉన్నట్టుండి లక్ష్మణుడు పకపకా నవ్వాడు. కొలువంతా కలవరపడింది. అన్నను చంపించి రాజ్యం ఏలుతున్నందుకే ఆ నవ్వు అనుకున్నాడు సుగ్రీవుడు. సొంత అన్న గుట్టు శత్రువుకు చెప్పినందుకు అనుకున్నాడు విభీషణుడు. పరాయివాడి చెరలో ఉండి వచ్చానని నవ్వాడేమోనని సీత తలవంచుకుంది. అలాంటి భార్యను ఏలుకుంటున్నందుకు తననే ఎగతాళి చేశాడని రాముడు కత్తి దూశాడు. అసలు సంగతి వేరు. పద్నాలుగేళ్లు తన దరికి రావద్దని లక్ష్మణుడు కోరగా వెళ్లిపోయిన నిద్రాదేవి, గడువు తీరిందంటూ ఆ కొలువులోనే అతని ఎదుట నిలిచింది. ఆమెను చూసి వచ్చిన నవ్వు అది.

ఈ కథ వాల్మీకంలో కనిపించదు. తెలుగు ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న ‘లక్ష్మణదేవర నవ్వు’ పాటలోది. పట్టుబట్టలు, కిరీటాలు, మంగళవాద్యాల నడుమ కూర్చున్న ప్రతివాళ్ల లోపలా ఒక ముల్లు ఉందని, దాన్ని బయటపెట్టడానికి ఒక్క నవ్వు చాలునని ఈ పాట కట్టిన తల్లి కనిపెట్టింది. ఆమె పేరు మనకు దక్కలేదు. పైకి కనిపించే మర్యాదకూ లోపల దాగిన మనసుకూ మధ్య దూరాన్ని ఇంత సూటిగా పట్టిచ్చిన రచనలు మన సాహిత్యంలో అరుదు. అయినా సాహిత్య చరిత్రల్లో ఈ పాటలకు దొరికే చోటు కొద్ది పేరాలు మాత్రమే. ఈ లెక్క మారాలి.

పైకి ఒకటి, లోపల ఒకటి చెప్పే విద్య ఈ నేలకు పాతదే. శాతవాహన రాజు హాలుడి పేరున నిలిచిన ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో ఒక కోడలు బాటసారితో మాట్లాడుతుంది. అత్త పడుకునే చోటు, తాను పడుకునే చోటు చూపించి, చీకట్లో తడబడి మా మంచాల మీద పడకు సుమా అని హెచ్చరిస్తుంది. వినేవాళ్లకు అది జాగ్రత్త చెప్పడం. బాటసారికి మాత్రం పిలుపు. కవిత్వానికి ధ్వనే ప్రాణమని వాదించిన 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు తన ‘ధ్వన్యాలోకం’లో ఉదాహరణగా ఎంచుకున్న గాథల్లో ఇదీ ఒకటి. అంటే, చెప్పిన మాట వెనక చెప్పని మాటను వినడమెలాగో మన ప్రాంతపు పల్లె కోడలి గొంతు నుంచే శాస్త్రకారులు నేర్చుకున్నారు.

రామాయణపు పాటల్లో ఆ గొంతు ఇంటి లోపలికి వచ్చింది. ఉమ్మడి కుటుంబంలో కోడలు అత్త మీద గానీ భర్త మీద గానీ నోరెత్తితే అది తప్పు. అదే మాట సీతది, ఊర్మిళది అయితే పుణ్యకథ. మధ్యాహ్నం పనులు తెమిలాక పెరట్లో చేరి పాడుకుంటుంటే అడ్డుచెప్పేవాళ్లు ఉండరు. అలా రామభక్తి చాటున ఎన్నో కష్టాలు చోటు చేసుకున్నాయి. కౌసల్య వేవిళ్లు, పురిటి నొప్పులు వాటిలో వివరంగా వినిపిస్తాయి. ఆడపడుచు శాంతకు పుట్టింట్లో పెద్దపీట పడుతుంది. సీత రావడం ఆలస్యమైందని రాముడు గడియ వేసుకుంటే, కౌసల్య వచ్చి కొడుకును మందలిస్తుంది. అత్తగారు కోడలి పక్షాన నిలబడడం పాడుకునే కోడళ్లకు ఎంత తీరని కోరికో ఊహించడం కష్టం కాదు.

ఊర్మిళ పాట మరీ లోతైనది. భర్త అన్న వెంట అడవికి వెళితే ఆమె పద్నాలుగేళ్లు నిద్రలో ఉండిపోయింది. లోకం మెచ్చిన పాతివ్రత్యం అది. తీరా లక్ష్మణుడు తిరిగి వచ్చి పక్కన కూర్చుంటే ఆమె గుర్తుపట్టదు. పరాయి మగవాడనుకుని బెదిరిస్తుంది, పరస్త్రీని ఆశించినవాళ్లకు పట్టిన గతిని గుర్తుచేస్తుంది. పాట ఆమె శీలాన్ని పొగుడుతున్నట్టే ఉంటుంది. కానీ అన్నేళ్లు విడిచిపెట్టి వెళ్లిన భర్త భార్యకు అపరిచితుడే అవుతాడన్న నిష్ఠురం కూడా అందులోనే ఉంది. ఏ అయోధ్య సభలోనూ అనలేని మాట అది.

శూర్పణఖ పాటలో ఈ చీలిక ఇంకా స్పష్టం. ఆమె సన్యాసిని వేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటుంది. తాను చూసింది అతని కాలి బొటనవేలు మాత్రమేనని సీత అదొక్కటే గీస్తుంది. మిగతాది పూర్తయి, బొమ్మకు ప్రాణం వచ్చి సీతను పట్టి లాగుతుంది. రాముడు అనుమానించి ఆమెను అడవికి పంపేస్తాడు. తోడికోడళ్లు, అత్తలు ఆమె తప్పేమీ లేదని చెప్పినా వినడు. నిజం అంతఃపురంలో అందరికీ తెలుసు. తీర్పు మాత్రం పైకి కనిపించినదాన్ని బట్టి వచ్చింది.

ఈ పాటలను ‘కృష్ణశ్రీ’ సేకరించి సంపాదకత్వం వహించగా ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ‘స్త్రీల రామాయణపు పాటలు’గా అచ్చువేసింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం తెలుగు బోధించిన వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన ఆంగ్ల వ్యాసంలో వీటిని స్త్రీల సొంత రామాయణంగా నిరూపించారు. భక్తి పాటలుగా కనిపిస్తున్న వీటిలో పురుషాధిపత్యం మీద ఎంత నిరసన ఉందో ఆయన విప్పి చూపారు.

చాటు లేకుండా రాసిన స్త్రీకి ఏం జరిగిందో ముద్దుపళని కావ్యం చెబుతుంది. 18వ శతాబ్దంలో తంజావూరును ఏలిన ప్రతాపసింహుడి ఆస్థాన కవయిత్రి ఆమె. ‘రాధికా సాంత్వనం’లో రాధ తాను పెంచిన ఇళాదేవిని స్వయంగా కృష్ణుడికి అప్పగిస్తుంది, బుద్ధులు చెప్పి పంపుతుంది. పెద్దరికం అంతటితో ఆగిపోతుంది. ఆ తర్వాత అసూయ, విరహం, కోపం ఆమెను కాల్చేస్తాయి. కృష్ణుడు వచ్చి బతిమాలి ఊరడించాలి. త్యాగమూర్తి లోపల మండే మనసును ఒక స్త్రీ ఇంత నిర్భయంగా రాసింది.

ఆ నిర్భయమే నేరమైంది. ఆడవాళ్లు వినదగనివి, పలకదగనివి ఇందులో ఉన్నాయని కందుకూరి వీరేశలింగం ఖండించారు. అంతకు ముందు వచ్చిన అచ్చుప్రతి కవయిత్రి వంశ వివరాలను, కొన్ని పద్యాలను వదిలేసింది. బెంగళూరు నాగరత్నమ్మ మూలప్రతి సంపాదించి 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠాన్ని తెచ్చారు. మగకవులు రాసిన శృంగారానికి లేని సిగ్గు ఆడవాళ్లకే ఎందుకని పీఠికలో నిలదీశారు. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాలను స్వాధీనం చేసుకుంది. నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాధినేత అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మందిరం కట్టించిన భక్తురాలూ ఈ నాగరత్నమ్మే. భక్తికీ ఈ కావ్యానికీ ఆమె మనసులో పొత్తు కుదిరింది. పొసగనిది లోకానికే.

1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చేనాటికి తెలుగు కవయిత్రులు సీత చాటునా రాధ చాటునా నిలబడడం మానేశారు. విమల ‘వంటిల్లు’, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ వంటి కవితలు ఇంటి గౌరవం మాటున నలిగిన బతుకును సొంత గొంతుతో పలికాయి. కౌసల్య పేరుతో పాడుకున్న నొప్పే ఇక్కడ ‘నేను’ అయింది. అశ్లీలమన్న నింద మళ్లీ వచ్చింది. ముద్దుపళని మీద పడ్డ మాటకూ దీనికీ తేడా కాలంలో తప్ప తీరులో లేదు.

అందుకే ఈ కవిత్వాన్ని చదివించే పద్ధతి మీద పట్టుదల అవసరం. బడిలో పద్యమంటే ప్రతిపదార్థం, తాత్పర్యం, పరీక్షలో ఐదు మార్కులు. అక్కడ అర్థం పైపొర దగ్గరే ఆగిపోతుంది. ఊర్మిళ ఎందుకు గుర్తుపట్టలేదు, సీతకు తెలిసిన నిజం రాముడి చెవికి ఎందుకు ఎక్కలేదు అని పదో తరగతి పిల్లలను అడిగితే వాళ్లు జవాబులు చెప్పగలరు. తమ ఇళ్లలో వాళ్లు చూస్తున్నదీ అదే గనుక.

చాలా ఇళ్లలో అమ్మమ్మలు రాసుకున్న పాటల నోటుపుస్తకాలు ఇంకా ఉన్నాయి. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వాటిని సేకరించాలి. పెరటి పాటలతో పాటు పొలాల్లో నాట్లు వేస్తూ పాడే ఆడవాళ్ల పాటలనూ, పాడిన మనిషి పేరు, ఊరు, ఆమె చెప్పిన అర్థంతో సహా రికార్డు చేయాలి. అచ్చువేసేటప్పుడు పరిష్కరణ పేరుతో ఒక్క చరణం కూడా తీసేయకూడదు.