యజమాని ముఖము - దొంగ మాట

2024వ సంవత్సరమున హాంకాంగునందలి ఆరప్ అను ఇంజనీరింగు సంస్థ ఉద్యోగి యొకరు వీడియో సమావేశమున పై యధికారిని, సహోద్యోగులను కన్నులార జూచి, వారి యాజ్ఞయే యని నమ్మి, 15 పర్యాయములుగా సుమారు 20 కోట్ల హాంకాంగు డాలర్లు పంపివేసిరి. ఆ ముఖములు, ఆ కంఠములు కృత్రిమ మేధ కల్పించినవి! దొంగలు చొరబడినది సంస్థ కంప్యూటర్లలోనికి గాదు, ఉద్యోగి నమ్మకములోనికి.

ఇట్టి మోసమునకు తాళములు చాలవు, కట్టుబాటు వలయును. పెద్ద మొత్తములకు ఇరువురి సమ్మతి యుండవలెను. ఆజ్ఞ వచ్చిన మార్గమున గాక, ముందే యెరిగిన ఫోను నంబరునకు పిలిచి రూఢి చేసికొనవలెను. మన వర్తకులును దీనిని గమనింతురు గాక! సందేహించి యాలస్యము చేసిన గుమాస్తాను గద్దించు యజమాని దొంగకు తానే తలుపు తీయుచున్నాడు. ప్రశ్నించు గుమాస్తాకు అభయ మిచ్చుటయే మొదటి రక్షణము.