ముందు బొంగు, తర్వాతే బుట్ట

తెలంగాణలోని బీర్కూర్ వరి పండే నేల. పక్కనే మంజీర నది, పైనుంచి 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు. ఇలాంటి ఊళ్లలో కళ్లంలో వడ్లెత్తడానికి గంప, చెరగడానికి చాట, దాచుకోవడానికి పేడతో అలికిన గుమ్మి, అన్నీ వెదురు అల్లే మేదరి చేతి నుంచే వచ్చేవి. ఇప్పుడు హార్వెస్టర్ కోసిన వడ్లు ట్రాక్టరెక్కి కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. కాబట్టి బుట్ట పని తగ్గిందని ప్లాస్టిక్ ఒక్కదాన్నే తిట్టిపోస్తే లెక్క సగమే తేలుతుంది. సేద్యం తీరే మారిపోయింది. అయినా కోళ్ల గంపకు, కూరగాయల బుట్టకు, బతుకమ్మ పేర్చే సిబ్బికి అడిగేవాళ్లున్నారు. ఆ మిగిలిన గిరాకీ నిలవాలంటే మేళాలు, శిక్షణ శిబిరాల కన్నా ముందు బొంగు సంగతి చూడాలి.

వెదురు గడ్డిజాతి మొక్క. 1927 అటవీ చట్టం మాత్రం దాన్ని చెట్ల లెక్కలో వేసింది. దాంతో సొంత చెలకలో పెంచుకున్నా నరకడానికి, తరలించడానికి అనుమతుల చిక్కులే. మరోవైపు కాగితం మిల్లులకు అదే వెదురు నామమాత్రపు ధరకు అందింది. కర్ణాటకలో 1970లలో బుట్టలల్లేవాళ్లు మొర పెట్టుకున్నాకే పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ వెదురు అడవుల మీద అధ్యయనం చేశారు. 2017 సవరణతో అడవి బయట పెరిగే వెదురు చెట్ల జాబితాలోంచి పోయింది. చట్టం అడ్డు తొలగింది, మరి నాటేదెవరు? మొక్కలు నాటే హరితహారం పథకం పుణ్యమా అని ఊరూరా నర్సరీలు వచ్చాయి. వాటిలో వెదురుకూ చోటిచ్చి కాలువ గట్ల మీద, మంజీర ఒడ్డున నాటితే వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. నాలుగైదేళ్లకు కోతకొస్తే, ఆ తర్వాత ఏటా కొన్ని గడలు తీసుకోవచ్చు. కోసుకునే హక్కు అల్లేవాళ్లదేనని పంచాయతీ ముందే రాసివ్వాలి. లేదంటే గట్టు మీది బొంగులు వేలంపాటకే పోతాయి.

ప్లాస్టిక్ చవక కదా అంటారు. నిజమే, తడి సరుకుకు అదే మేలు కూడా. 2022 జూలై 1 నాటి నిషేధం ఒక్కసారి వాడి పారేసేవాటికే, బుట్టల జోలికి పోలేదు. దాని మీద ఆశ పెట్టుకోవడం దండగ. అంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది: ఇదంతా మేదరి, ఎరుకల పిల్లలను మళ్లీ కులవృత్తికి కట్టేయడం కాదా? అలా జరిగితే తప్పే. వాళ్లు చదువుకుని వేరే పని చూసుకుంటే సంతోషమే. ఆ కులాలవాళ్లే అల్లాలన్న నియమమూ ఉండకూడదు. కానీ ఇష్టపడి మానేయడం వేరు, బొంగు దొరక్క మానేయడం వేరు. ఇక ధర సంగతి. బొంగు చీల్చి, బద్దలు సన్నగా తీసి, అంచు కట్టేదాకా పట్టే పొద్దును ఎవరూ లెక్కేయరు. ఉపాధి హామీ పనికి రోజు కూలి ఇంతని కాగితం మీద ఉంటుంది. గంప అల్లిన పొద్దు విలువ మాత్రం అంగట్లో కొనేవాడి బేరంతోనే తేలుతోంది.