కాంప్లెక్సు కాదు, కళావేదిక కావాలి

ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ హైవే పూర్తిగా అందుబాటులోకి వస్తే, రాజమండ్రి వైపు పోయే కార్లకూ లారీలకూ తల్లాడ సెంటర్‌తో పని ఉండదు. టీకి ఆగడం మాట అటుంచి అసలు ఊళ్లోకే రావు. నాలుగు వరుసల ఆ రోడ్డు మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి, దిగడానికి వీల్లేదు. సూర్యాపేట, కోదాడ బైపాసులు వచ్చాక దారిన పోయేవారిని నమ్ముకున్న హోటళ్లు ఎటు జరిగాయో ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఖమ్మం, సత్తుపల్లి, కొత్తగూడెం దారులు కలిసే చోట ఉండటమే ఇన్నాళ్లూ తల్లాడకు బలం. రేపు ఆ బలం సగమైనా తగ్గుతుంది. అప్పుడు ఈ ఊరి సెంటర్‌కు మనుషులు ఎందుకు రావాలి?

ఈ ప్రశ్న ఏ చిన్న పట్నంలో అడిగినా నాయకుల నోట మొదట వచ్చే జవాబు షాపింగ్ కాంప్లెక్సు. కింద మడిగెలు, పైన మడిగెలు, మెట్ల పక్కన చీకటి. మా అభిప్రాయం వేరు. తల్లాడ నడిమధ్యలో ఒక బహిరంగ కళావేదిక, దాన్ని చుట్టుకుని నీడనిచ్చే పార్కు కావాలి. ఊరి బయట ఎక్కడో కాదు, బస్సు దిగిన మనిషి నడిచి వెళ్లే దూరంలో కావాలి.

పార్కులు లేవా అనవచ్చు. 2020లో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ చాలాచోట్ల ప్రభుత్వ భూమి ఊరి చివర ఏ మూల మిగిలితే అక్కడ పెట్టడంతో, వాటికి గేటూ బోర్డూ ఉన్నాయి గానీ మనుషులు లేరు. రైతు వేదికల కథా అంతే. ఒక్కోదానికి 22 లక్షల రూపాయలతో రాష్ట్రమంతటా 2,601 కట్టారు. అధికారుల సమావేశం లేని రోజు ఎక్కువ చోట్ల తాళమే కనిపిస్తుంది. కట్టడం మనకు చేతనవును. తెరిచి ఉంచడమే చేతకావడం లేదు.

పెద్ద కట్టడాలైతే అసలు తెరుచుకోవడమే ఆలస్యం. హన్మకొండ బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబరు 9న, ప్రజాకవి శతజయంతి నాడు శంకుస్థాపన జరిగింది. ప్రారంభమైంది 2024 నవంబరు 19న. మధ్యలో పదేళ్లు. ఆ భవనం ఇప్పుడు ఓరుగల్లుకు అలంకారమే, కాదనం. కానీ మహానగరానికి పోటీపడే వరంగల్‌కే పదేళ్లు పడితే, ఏసీ హాలు, కుషన్ కుర్చీలు అంటూ తల్లాడ కలగంటే శిలాఫలకం ఒక్కటే మిగులుతుంది. పైకప్పు లేని వేదికకు అంత ఖర్చు లేదు, అంత కాలమూ అక్కర్లేదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలుగు లలిత కళాతోరణం కూడా ఆరుబయటి రంగస్థలమే, తోటలోనే ఉంది. ఇక పార్కు సంగతి. ఖమ్మంలో గోళ్లపాడు చానల్ అనే మురుగుకాల్వ ఎంతకాలం కంపు కొట్టిందో ఆ వీధుల వాళ్లకు తెలుసు. మురుగును భూగర్భ పైపుల్లోకి మళ్లించి పైన పార్కులు వేశాక అవే వీధుల్లో సాయంత్రం పూట పిల్లలు కనిపిస్తున్నారు. ఇరుకు ఊళ్లో పార్కుకు చోటెక్కడిదని అడిగేవారు ఒకసారి వెళ్లి చూసి రావాలి.

ఇప్పుడు నాటకం ఎవరు చూస్తారండీ అనే మాట ఒకటి ఉంది. అందరి చేతుల్లోనూ ఫోనుంది కదా అంటారు. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో హెగ్గోడు అని ఒక ఊరుంది. వక్క తోటల పల్లె. తల్లాడ ముందు అది చాలా చిన్నది. అక్కడి రైతులు 1949లో నీనాసం అనే నాటక సంఘం పెట్టుకున్నారు. కె.వి. సుబ్బన్న దాన్ని ముందుండి నడిపించారు. 1972లో శివరామ కారంత పేరుతో సొంత రంగమందిరం కట్టుకున్నారు, మరుసటి ఏడు ఫిల్మ్ సొసైటీ పెట్టారు, 1980లో నాటక శిక్షణ సంస్థ తెరిచారు. 1985 నుంచి వాళ్ల 'తిరుగాట' బృందం ఏటా నాటకాలు పట్టుకుని కర్ణాటకమంతా తిరుగుతోంది. సుబ్బన్నకు 1991లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు సంగతి పక్కన పెడదాం. తోట పని ముగించుకున్న రైతు సాయంత్రం షేక్‌స్పియర్ నాటకం చూసి, ఇంటికి పోతూ అందులో ఏది బాగాలేదో వాదించే ఊరు అది. అలవాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. ఒకచోట వేదిక ఉంది, అక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూ ఉంటుంది కాబట్టి వచ్చింది.

మనకు వారసత్వం తక్కువా? 1885లో మొదలైన సురభి కుటుంబాలు ఊరూరా పాకలు వేసుకుని నెలల తరబడి టిక్కెట్టు నాటకాలు ఆడాయి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రజానాట్యమండలి 'మా భూమి' నాటకాన్ని ఊళ్లకు మోసుకెళ్లింది. ఈ తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు దాటితే మన్యం మొదలవుతుంది. కోయల కొమ్ము నృత్యం, డోలి పాట అక్కడివే. సమ్మక్క సారలమ్మల కథను డోలి మీద పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి కళాకారుల్ని మనం ఎక్కడ చూస్తున్నాం? మంత్రి వచ్చినప్పుడు కారు ముందు, ఎండలో, డప్పుల చప్పుడు మధ్య. కూర్చుని వినడానికి అడవికీ మైదానానికీ మధ్యనున్న ఈ ఊళ్లో ఒక అరుగు లేదు.

బడి వార్షికోత్సవమైనా, నవమి నాటి పద్య నాటకమైనా అద్దె షామియానా, అద్దె కుర్చీలు, సగం మూసిన రోడ్డు తప్పవు. ఆ డబ్బు ఏటా పోయేదే. ఇంకో సంగతి, మగవాళ్లకు సెంటర్‌లో టీ కొట్టుంది, కిళ్లీ బడ్డీ ఉంది. అన్నారుగూడెం నుంచో కుర్నవల్లి నుంచో పని మీద వచ్చిన ఆడమనిషి బస్సు వచ్చే దాకా ఎక్కడ కూర్చోవాలి? శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీళ్లు, నాలుగు బెంచీలు ఉన్న పార్కు వారికి విలాసం కాదు. జనం కాసేపు కూర్చుంటే బజ్జీల బండి నడుస్తుంది, పూలమ్మే మనిషికి బేరం దొరుకుతుంది. కాంప్లెక్సు తేలేని వ్యాపారం ఇలా వస్తుంది.

ముందు మురుగుకాల్వలు, తర్వాత ముచ్చట్లు అనేవారి వాదనను తేలిగ్గా తీసేయం. కాల్వలు కావాలి. అయితే కాల్వ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు తవ్వవచ్చు. సెంటర్‌లో మిగిలిన ఖాళీ జాగా మాత్రం ఒకసారి పోతే పోయినట్టే. విగ్రహాలకు, జెండా గద్దెలకు ఎక్కడలేని స్థలం దొరుకుతుంది కదా, పిల్లలు ఆడుకోవడానికి అడిగేసరికి సర్వే నంబర్లు ఎందుకు గుర్తొస్తాయో!

డబ్బు దారులు లేవనడం నిజం కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికే కేటాయించమంటోంది. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. భూమి చూపాల్సిన రెవెన్యూ శాఖ, నిధులు విడుదల చేయాల్సిన ఆర్థిక శాఖ రెండూ ఖమ్మం జిల్లా మంత్రుల దగ్గరే ఉన్నాయి. ఇంతకన్నా కలిసివచ్చే కాలం ఎప్పుడొస్తుంది? నిర్వహణకు గ్రంథాలయ సెస్సు దారి ఉండనే ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు పుస్తకాలకు వెళ్లాలని చట్టం చేసుకున్న వాళ్లం, వేదిక దీపాలకూ కాపలా మనిషికీ ఒకటి రెండు పైసలు పక్కన పెట్టలేమా? అయితే వసూలు చేసిన గ్రంథాలయ సెస్సునే బకాయి పెట్టే స్థానిక సంస్థల తీరు ఇక్కడా రాకుండా, ఆ డబ్బుకు వేరే ఖాతా ఉండాలి.

2025 డిసెంబరు ఎన్నికలతో ప్రత్యేకాధికారుల పాలన ముగిసి పంచాయతీలకు మళ్లీ పాలకవర్గాలు వచ్చాయి. రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలని చట్టమే చెబుతోంది. తల్లాడలో జరిగే తర్వాతి సభ ఈ ఒక్క విషయం తేల్చాలి. జాగా ఎక్కడో సర్వే నంబరుతో సహా తీర్మానంలో రాయాలి. వేదిక పడమటి ఎండ ప్రేక్షకుల కళ్లలో కొట్టకుండా కట్టాలని, వెనుక రెండు మేకప్ గదులు, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్లు ఉండాలని, వేప, కానుగ, రావి నాటాలని, కోనోకార్పస్ నాటకూడదని రాయాలి. నెలకొక ప్రదర్శన తప్పనిసరి అని, ఏన్కూరు వైపు కోయ బృందాలకు అద్దె ఉండదని, పార్టీ సభలకు మాత్రం పూర్తి అద్దె ముందే కట్టించుకోవాలని కూడా రాయాలి. తాళంచెవి సర్పంచి ఇంట్లో కాకుండా కళాకారులు, ఉపాధ్యాయులు, మహిళా సంఘాల వాళ్లున్న కమిటీ దగ్గర ఉండాలి. కమిటీలో ఎవరెవరు ఉంటారో ఆ సభలోనే చదివి వినిపించాలి. శంకుస్థాపన తేదీ ఆ తర్వాతే.